ఆది ప్రకారం

జూన్ 4

దొరికింది.

తన కాళ్ళతో తానే నడిచి వచ్చి షాపు మెట్టెక్కింది. కొత్త తెల్లగుడ్డ, దాంతోపాటు కొలతల ఆదికి ఒక పాత యూనిఫాం చొక్కా బల్ల మీద పెట్టింది. నన్ను గుర్తుపట్టలేదు. నేను మాత్రం ఆమె నోరు విప్పకముందే గుర్తుపట్టాను. తాళాలామె. ఆసుపత్రిలో అందరికీ పెద్ద నర్సు, నాకూ మావారికీ మాత్రం తాళాలామె. నడుముకి వేలాడే ఆ గుత్తి వరండాలో గలగలమనగానే వార్డులో దగ్గులు కూడా ఆగిపోయేవి. ఊపిరాడని రోజుల్లో కూడా ఆయన ఆ పేరుకి నవ్వేవారు.

ఆయన పోయిన రోజు నేను ఉతికిన బట్టలు తీసుకుని ఇంటినుంచి తిరిగి వచ్చేసరికి రోగుల్ని చూసే వేళ దాటిపోయింది. వార్డు తలుపుకి తాళం. పొద్దున ఆయన మొహం నాకు నచ్చలేదని, ఒక్కసారి చూసి వచ్చేస్తానని బతిమాలాను. ఊచల అవతల నుంచి ఆమె ఒకే మాట అంది.

"రూలు రూలే అమ్మా. ఒకరికి తీస్తే అందరికీ తీయాలి."

మెట్ల మీద కూర్చున్నాను. తలుపు తీసేటప్పటికి దుప్పటి ఆయన మొహం మీదికి వచ్చేసింది.

ఈ రోజు బల్లకి ఇటు నేను, అటు ఆమె. చొక్కా కుట్టడానికి ఒప్పుకున్నాను. నవ్వాను కూడా.

జూన్ 5

నిన్న అంతా రాయలేదు.

చాలాకాలం సెలవులో ఉందట. వచ్చే నెల ఒకటో తారీఖున మళ్ళీ డ్యూటీలో చేరుతుందట, ఆ రోజుకి కొత్త యూనిఫాం కావాలట. అలవాటుగా టేపు తీసుకుని లేచాను. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది. కొలతలు వద్దంది. "ఆది ఇచ్చానుగా. ఆది ప్రకారం కుట్టండి. ఏమీ మార్చొద్దు."

కుట్టుపని చేసేవాళ్ళం మనిషి మొహం కన్నా ముందు భుజాలు చూస్తాం. ఎడమ చెయ్యి పక్కనుంచి కదలడం లేదు. ఉక్కపోస్తున్నా ఒక ఫైలుని గుండెకి అదిమిపెట్టుకుని నిలబడింది. గుడ్డ అందుకోవడానికి ఫైలు కిందికి జారిన ఆ క్షణంలో చూశాను. ఎడమవైపు ఏమీ లేదు. చదును. ఒక రొమ్ము తీసేశారు. ఆ జబ్బే వచ్చి ఉంటుంది.

తీసుకొచ్చిన ఆది చొక్కా అంతకు ముందు కుట్టించుకున్నది. రెండువైపులా నిండుగా ఉన్నప్పటిది.

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు జాలి వేయలేదు. కడుపులో చల్లగా అనిపించింది.

జూన్ 6

ఎంత తేలికో ఇప్పుడు తట్టింది. గుడ్డ పాడుచేయక్కర్లేదు, కుట్టు వదులు చేయక్కర్లేదు, గడువు దాటించక్కర్లేదు. అడిగింది అడిగినట్టు చేస్తే చాలు. ఆది ప్రకారం. నూలు పోగు తేడా రాకుండా.

వేసుకుంటుంది. ఎడమవైపు గుడ్డ లోపలికి కుంగి, రొమ్ము నిండు కోసం మడిచి కుట్టే డాట్లు ఖాళీగా ముడుచుకుని, ఆమె ఎన్నాళ్ళుగానో ఫైలు అడ్డం పెట్టి దాచుకుంటున్నదంతా తెల్లగా బయటపడుతుంది. వార్డులో ఆయాలు చూస్తారు. మంచాల మీద రోగులు చూస్తారు. ఆమె పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వస్తుంది. అప్పుడు నేనంటాను: "ఆది ప్రకారమే కుట్టాను మేడం. రూలు రూలే."

షాపులో పరదా వెనక అద్దం ముందు నిలబడి ఈ మాట చాలాసార్లు అని చూసుకున్నాను. గట్టిగా అనకూడదు. ఆమె ఎలా అందో అలాగే అనాలి, మెత్తగా, విసుగు లేకుండా.

జూన్ 9

ఎదురు షాపు మాస్టారి మీద ఒళ్ళు మండుతోంది.

మా షట్టరు బిగుసుకుపోయింది, నా ఒక్కదానివల్ల లేవదు. నేను వచ్చేసరికి రోజూ అది లేచి ఉంటుంది. ఈ మాస్టారే రోడ్డు దాటి వచ్చి ఎత్తి, నేను కనిపించగానే ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతున్నాడు. పైగా మావారు పోయాక మా షాపులో గుడ్డ కత్తిరించే చెయ్యి లేదు. ఆయన కత్తిరించేవారు, నేను కుట్టేదాన్ని. ఇప్పుడు ఈ మాస్టారు వచ్చిన గుడ్డలు పట్టుకెళ్ళి, కత్తిరించి, మూటగట్టి బల్ల మీద పెట్టి పోతున్నాడు. ఎవరడిగారు?

మావారికీ ఈయనకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఈయన బోర్డు మీద "ఈ వీధిలో మొదటి టైలర్లు" అని రాయించుకుంటే, మావారు మర్నాడే మా బోర్డు మీద "ఈ వీధిలో అసలు మొదటి టైలర్లు" అని రాయించారు. అంతే, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బతికున్నప్పుడు పలకరించని మనిషికి చచ్చాక ఇంత ప్రేమ ఎక్కణ్ణించి వచ్చింది? నా ఖాతాదార్లని మెల్లగా అటు లాక్కోవాలని కాకపోతే?

వదిన ఇంకో రకం. మావారికి అక్క. రాత్రి భోజనం కాగానే దిండు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేస్తుంది. వాళ్ళింట్లో ఉక్కపోత అంటుంది. వాళ్ళింటికి నాలుగువైపులా కిటికీలే. వచ్చి సరిగ్గా ఆయన పడుకునే వైపే పడుకుని, గోడవైపు తిరిగి గురక పెడుతుంది. ఒక్కమాట ఓదార్పుగా అనదు. నాకు నిద్ర పట్టేది ఆ గురకవల్ల కాదని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 12

తాళాలామె గుడ్డ మాస్టారు తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళేముందు గుమ్మంలో ఆగాడు. ఆమె వచ్చి వెళ్ళినప్పుడు రోడ్డు అవతలి నుంచి చూసినట్టుంది.

"ఆది ప్రకారమేనా చెల్లెమ్మా?"

"ఆది ప్రకారమే."

ఇంకేదో అడగబోయి మానుకున్నాడు. సాయంత్రానికి ముక్కలు బల్ల మీద ఉన్నాయి. వంక పెడదామని గీతగీతకీ కొలిచాను. వంక లేదు. అదీ కోపమే.

జూన్ 14

మా షాపు మేడ మీది పంతులమ్మ మళ్ళీ కర్టెన్లు తెచ్చింది. కిందటి నెల పొడుగయ్యాయంటే కురచ చేశాను. తర్వాత పొట్టయ్యాయని తెచ్చింది, తీసిన పట్టీయే మళ్ళీ అతికాను. ఇప్పుడు మళ్ళీ పొడుగయ్యాయట. వాళ్ళ కిటికీ పెరుగుతుందో తరుగుతుందో నాకు అర్థం కావడం లేదు. పాఠాలు చెప్పే మనిషికి కొలవడం చేతకాదా?

జూన్ 17

చొక్కా కుట్టడం మొదలుపెట్టాను. ఇంత శ్రద్ధగా నేను పెళ్ళి బట్టలు కూడా కుట్టలేదు. ప్రతి కుట్టుకీ ఆ తలుపు, ఆ ఊచలు, ఆమె గొంతు. కాలు మిషను మీద దానంతటదే నడిచింది. ఆయన పోయాక మొదటిసారి ఆకలేసింది. పగ కూడా మంచిదే, మనిషిని లేపి కూర్చోబెడుతుంది.

జూన్ 20

అయిపోయింది. ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించాను. ఎదురుగా కూర్చుని చూస్తూ అన్నం తిన్నాను.

జూన్ 24

ఇంకా రాలేదు. కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

జూన్ 26

వచ్చింది.

చొక్కా తీసుకుని పరదా వెనక్కి వెళ్ళింది. నేను బల్ల దగ్గర నా మాట నాలుక మీద పెట్టుకుని నిలబడ్డాను. పరదా తొలగింది. నేను ఊహించుకున్నట్టే ఉంది, ఇంకా ఎక్కువగానే ఉంది. కుడివైపు నిండుగా, ఎడమవైపు గుడ్డ గుంటపడి, రెండు డాట్లూ కలిసి ఒక వెర్రి మూతిలా ముడుచుకున్నాయి. ఆమె అద్దంలో చూసుకుంది. ఫైలు కోసం చెయ్యి వెతికింది. ఫైలు బల్ల మీద ఉంది, నా వైపు.

అన్నాను. అనుకున్నంత మెత్తగానే వచ్చింది.

"ఆది ప్రకారమే కుట్టాను మేడం. రూలు రూలే కదా. ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి."

తల తిప్పి నన్ను చూసింది. అప్పుడు చూసింది. అంతవరకూ కుట్టుమనిషిని చూసింది, అప్పుడు నన్ను చూసింది.

"మెట్ల మీద కూర్చున్నారు మీరు," అంది.

"అవును."

ఏడుస్తుందనుకున్నాను. వయసుమీరిందనో, ఆ రోజు పని ఎక్కువైందనో సాకు చెబుతుందనుకున్నాను. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె ఏ సాకూ చెప్పలేదు. "తలుపు తీయాల్సింది. తీయలేదు. తీయనిది నేనే," అంది. తర్వాత, "కుట్టింది బాగుంది. ఇలాగే వేసుకుంటాను," అంది.

పరదా వేసుకుంది. ఎంతకీ బయటికి రాలేదు. లోపలినుంచి ఊపిరి బిగబట్టిన చప్పుడు, గుడ్డ పెనుగులాడే చప్పుడు. ఎడమ చెయ్యి పైకి లేవక చొక్కాలో చిక్కుకుపోయింది. నేను కదల్లేదు. కాసేపు విన్నాను, నిజమే రాస్తున్నాను, కావాలనే విన్నాను. నేను మెట్ల మీద కూర్చున్నంతసేపూ ఆమెని ఆ పరదా వెనకే ఉంచాలనిపించింది.

నన్ను పిలవలేదు. పిలిచి ఉంటే వెళ్ళేదాన్ని కాదేమో. చివరికి నేనే లోపలికి వెళ్ళి, నోరు మూసుకుని, చేతికి అడ్డం పడిన గుడ్డ వెనక్కి లాగి, ముందు కుడి చెయ్యి, తర్వాత మెల్లగా ఎడమ చెయ్యి తప్పించాను. మచ్చ చూశాను. చంక దాకా ఉంది. కుట్లు వేసినవాళ్ళెవరో సరిగ్గా వేయలేదు, ఒకచోట చర్మం ముడత పడింది.

చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

గెలిచాను.

జూన్ 27

గెలిచాను.

వదిన కంచం నా ముందు పెట్టి, ఎవరితోనైనా గొడవపడ్డావా అని అడిగింది. లేదన్నాను. అయితే తినమంది. తినలేకపోయాను. ఎండ ఎక్కువగా ఉంది, అందుకే.

జూన్ 28

ఈ రోజు అందరి మీదా విరుచుకుపడాలని పొద్దున్నే నిర్ణయించుకున్నాను. ముందు పంతులమ్మ దొరికింది. కర్టెన్లు ఆమె చేతికిచ్చి, మీ కిటికీ ఎంతుందో నేనే వచ్చి కొలుస్తాను పదండి అన్నాను. ఆమె తడబడింది. అయినా మేడ ఎక్కాను. ఆ ఇంట్లో అన్ని కిటికీలకీ కర్టెన్లు వేలాడుతున్నాయి. ఆమె నా దగ్గరికి తెస్తున్న వాటికి కిటికీయే లేదు.

నన్ను ముష్టిదాన్ని చేశారా అని అడిగాను. గొంతు లేచింది. పంతులమ్మ కుర్చీ చూపించింది, నేను కూర్చోలేదు. అప్పుడు చెప్పింది. మావారు పోయాక కింద మా మిషను చప్పుడు ఆగిపోయిందట. పొద్దున్నే లేచి వింటే ఏమీ వినిపించేది కాదట. నేను తలుపేసుకుని ఏమైపోతున్నానోనని భయమేసిందట.

"ఓదార్చడం నాకు రాదమ్మా. కర్టెన్లు తెస్తే మిషను తిరుగుతుంది కదా అనుకున్నాను. అంతే."

మెట్లు దిగి వచ్చేశాను. షట్టరు లేచి ఉంది. దాన్ని చూస్తూ గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. నేనెవర్నీ ఏమీ అడగలేదు. నేను అడిగేదాకా ఎవరూ ఊరికే కూర్చోలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను ఏం చేశాను? పరదా ఇవతల నిలబడి విన్నాను.

కానీ వీళ్ళెవరూ ఆయన్ని నాకు కాకుండా చేసినవాళ్ళు కాదు. ఆమె చేసింది. రెండూ ఒకటెలా అవుతాయి?

సాయంత్రం తాళాలామెకి ఫోన్ చేశాను. చేతిపని నాకే నచ్చలేదని, అలాంటి చొక్కా బయట తిరిగితే షాపు పరువు పోతుందని, తెచ్చి ఇమ్మని చెప్పాను. షాపు పరువు కోసమే.

జూన్ 29

తెచ్చింది. టేపు చేతిలోకి తీసుకుని, "చెయ్యెత్తొద్దు. అలాగే ఉండండి," అన్నాను. ఈసారి వెనక్కి జరగలేదు. ఎడమవైపు ఒక కొలత, కుడివైపు ఒక కొలత. మచ్చ మీద టేపు ఆనించకుండా గాల్లోనే పట్టి కొలిచాను. ఆమె నా తల మీదుగా గోడకేసి చూస్తూ నిలబడింది. ఆపరేషను తర్వాత బట్టలు తొడగడానికి కూడా ఎవరూ లేరట. అది నేను అడగలేదు, ఆమే అంది. అనేసి నాలుక కరుచుకుంది.

అడగకూడదనుకుంటూనే అడిగేశాను. ఆ తలుపు అవతల ఏం జరిగింది? ఇన్నాళ్ళూ నన్ను తింటున్నది అదే. ఆయన పిలిచారా? భయపడ్డారా? ఒక్కరే ఉన్నారా?

"మంచిమాట కావాలా, జరిగింది కావాలా?"

"జరిగింది."

మిమ్మల్ని పిలవలేదంది. అప్పటికి మనుషులు తెలియడం లేదట. కుడిచేతి వేళ్ళు మాత్రం దుప్పటి మీద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయట. కత్తెర, కత్తెర అన్నారట. మొదట ఆమెకి అర్థం కాలేదు. తర్వాత కట్లు కత్తిరించే కత్తెర తెచ్చి, వేళ్ళలో పెట్టి, చెయ్యి జారకుండా పట్టుకుందట. రోగి చేతికి అలాంటివి ఇవ్వకూడదు, అయినా ఇచ్చానంది. ఆయన దుప్పటి అంచు తిన్నగా కత్తిరించుకుంటూ పోయారట. ఊపిరి ఆగేదాకా ఆమె పక్కనే కూర్చుందట.

ఇంత విని నేను మెత్తబడ్డానని ఎవరైనా అనుకుంటే తప్పు. అగ్గి మీద గుగ్గిలం అయ్యాను.

"కత్తెర ఇవ్వడానికి రూలు అడ్డం రాలేదా? ఆయన కోసం ఒక రూలు తప్పగలిగారు. తలుపు నాలుగు అడుగుల దూరంలో ఉంది. నేను బయటే ఉన్నాను. ఇంకొకటి తప్పలేకపోయారా?"

ఆమె మొహం తెల్లబోయింది. "తట్టలేదు," అంది. "కత్తెర అడిగారు, ఇచ్చాను. ఆయన చెయ్యి వదిలి లేవాలంటే... తలుపు సంగతే తట్టలేదు."

పోండి అన్నాను. వెళ్ళింది. చొక్కా ఇక్కడే ఉంది.

జూన్ 30

పొద్దున్న నా చేతిలో కత్తెర, ముందు ఆ చొక్కా. రేపే ఒకటో తారీఖు. దాన్ని పీలికలు చేసి పడేసినా నన్ను అడిగేవాళ్ళు లేరు. ఆమె కూడా అడగదు. అదే నా చెయ్యి ఆపింది. పీలికలు చేస్తే కూడా, సరే, నాకిది తగినదే అని తీసుకుపోతుంది. అలాంటి మనిషి మీద పగ ఎలా తీర్చుకోవాలి?

ఆయన ఒక్కరే పోలేదు. ఇది రాసి చూసుకున్నాను. ఒక్కరే పోలేదు. ఆ చెయ్యి నాది కాకపోవడం నేనెప్పటికీ సహించను. ఎవరిదో ఒక చెయ్యి అయితే ఉంది.

కుట్లు విప్పాను. ఎడమ భాగం మొత్తం ఊడదీశాను. లోపల మెత్తగా నింపి కుట్టాల్సిన తిత్తి ఒకటి కావాలి, కుడివైపుకి సరిపోయే బరువుతో, మచ్చకి ఒరుసుకోకుండా. దాన్ని కత్తిరించడం నాకు రాదు. ఆయన పెద్ద కత్తెర గోడకి వేలాడుతోంది, ఆయన పోయాక దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. అది తీసుకుని రోడ్డు దాటాను. ఆ షాపు గడప తొక్కడం ఇదే మొదటిసారి.

మాస్టారు లేచి నిలబడ్డాడు. కత్తెర ఆయన బల్ల మీద పెట్టి, కొత్త కొలతలు చెప్పి, ఏం కావాలో చెప్పాను. ఎవరికని అడగలేదు. కత్తెరని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికోసం ఎంత కుళ్ళుకున్నానో తెలుసా చెల్లెమ్మా. గుడ్డ మీద వెన్నలా పోయేది నీ మొగుడి చెయ్యి. బోర్డు మీద 'అసలు' అని పెట్టడం న్యాయమే. అప్పుడే చెప్పి ఉండాల్సింది."

నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద అందరూ చూసేలా ఆయన షాపు స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. పోయిన రోజు కూడా ఇలా రాలేదు. మాస్టారు ఓదార్చలేదు, నా పక్కన కత్తిరించుకుంటూ పోయాడు. నేను ముక్కు తుడుచుకునేసరికి మెత్తని బట్ట పొరలు పొరలుగా పేర్చి పెట్టి ఉంది.

సాయంత్రానికి చొక్కా పూర్తిచేసి, పొద్దున్నే రమ్మని తాళాలామెకి ఫోన్ చేశాను. రాత్రి వదిన గురక పెట్టకముందే దీపం తీసేశాను.

జూలై 1

షట్టరు లేచేసరికే వచ్చి నిలబడింది. ఇంట్లో ఒంటరిగా తొడుక్కోలేనని చెప్పడానికి నోరు రాక, ఇక్కడే వేసుకుని వెళ్తానంది. నేనే తొడిగాను. ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి తర్వాత, విప్పేటప్పుడు దీనికి తలకిందులు అని నేర్పాను. బొత్తాలు పెట్టాను. అద్దం వైపు తిప్పాను.

రెండువైపులా సమంగా, నిండుగా ఉంది. ఏ కన్నుకీ తేడా దొరకదు, నా కన్నుకి తప్ప. ఆమె ఎడమవైపు అరచెయ్యి ఆనించి చూసుకుంది. ఫైలు బల్ల మీద వదిలేసింది. నన్ను క్షమించారా అని అడగలేదు. అడిగి ఉంటే లేదనే చెప్పేదాన్ని. లేదు. ఇప్పుడూ లేదు.

ఆమె పాత ఆది చొక్కా మడిచి చేతికివ్వబోయాను. వద్దంది.

"ఇకమీదట ఇదే ఆది. తర్వాతి చొక్కా కూడా మీరే కుడతారా?"

"కుడతాను. పదండి, ఇప్పటికే ఆలస్యమైంది. ఆ వార్డు తలుపు బయట ఎవరో ఒకరు వచ్చి కూర్చునే ఉంటారు."

ఆమె గుమ్మంలో ఆగిపోయింది. మాటివ్వలేదు. మెట్టు దిగి ఆసుపత్రి వైపు నడిచింది. మూల తిరిగేదాకా చూశాను. నడక వేగం పెంచింది.